చైనా మూలికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ వీధి చివర చైనా మందుల కొట్టు చూసినవాళ్లు, ఇక్కడ ఆన్‌లైన్‌లో గోజీ పళ్ల ప్యాకెట్ కొన్నవాళ్లు, చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ అక్కడి సంప్రదాయ వైద్యం సబ్జెక్టుతో తిప్పలు పడేవాళ్లు అడిగే ప్రశ్నలివి. మోతాదులు కావాలనే ఇవ్వలేదు. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

చైనా మూలికా వైద్యమంటే అన్నీ మొక్కలేనా?

ఎక్కువ భాగం మొక్కలే. వేర్లు, దుంపలు, బెరళ్లు, పూలు, గింజలు. ఖనిజాలూ, జంతువుల భాగాలూ కూడా ఉన్నాయి. హూబే ప్రాంతపు వైద్యుడు లీ షిజెన్ 1578 నాటికి పూర్తిచేసిన బెన్‌త్సావ్ గాంగ్‌మూ అనే మూలికా గ్రంథంలో 1,892 ద్రవ్యాల వివరాలున్నాయి. ఆయన 1593లో పోయాడు, పుస్తకం నాన్‌జింగ్‌లో అచ్చయింది 1596లో. అంతకు చాలా ముందు, హాన్ వంశ కాలం నాటిదని చెప్పే ఒక గ్రంథం షెన్‌నోంగ్ అనే పురాణ పురుషుడి పేరు మీద ఉంది. అందులో 365 ద్రవ్యాలే. వాటిని మూడు తరగతులు చేశారు. ఎంతకాలం తిన్నా హాని లేదనుకున్నవి పైన, విషపు గుణం ఉండి రోగం తగ్గగానే ఆపేయాల్సినవి అడుగున. ఈ అడుగు తరగతి ఊసు ఇవాళ్టి ఆన్‌లైన్ అమ్మకందార్లు ఎత్తరు.

పులి ఎముకల వాడకాన్ని చైనా 1993లో నిషేధించింది. అలుగు పొలుసులను 2020లో తన ఫార్మకోపియా, అంటే అధికారిక మందుల పుస్తకం నుంచి తీసేసింది. ఇక్కడ మాత్రం మొక్కల గురించే మాట్లాడుకుందాం.

ఆయుర్వేదం లాంటిదేనా?

కొంతవరకు. "అది వేడి చేస్తుంది, ఇది చలవ" అనే మాట మన ఇళ్లల్లో రోజూ వినేదే. చైనా వైద్యం కూడా ఏ మూలికకైనా ముందు చూసేది అదే. బాగా చల్లనిది, కాస్త చల్లనిది, వెచ్చనిది, వేడిది అని నాలుగు గుణాలు. తర్వాత రుచి. మనకు ఆరు రుచులైతే వాళ్లకు ఐదు: కారం, తీపి, పులుపు, చేదు, ఉప్పు. వగరును పులుపుతో కలిపి చెబుతారు. పచ్చి అల్లానికీ శొంఠికీ మనం వేరువేరు గుణాలు చెప్పుకున్నట్టే వాళ్లూ చెబుతారు. జలుబు మొదట్లో చెమట పట్టించడానికి పచ్చి అల్లం, పొట్టలో చలి చేరిందనుకున్నప్పుడు శొంఠి.

తేడా లెక్కకట్టే పద్ధతిలో ఉంది. అక్కడ వాత పిత్త కఫాలు లేవు. యిన్, యాంగ్ అనే జంట శక్తులు, ఒంట్లో తిరిగే ఛీ అనే ప్రాణశక్తి, ఐదు మూలకాలు ఉంటాయి. నాడి ఇక్కడా చూస్తారు, అక్కడా చూస్తారు. కానీ నాలుకకు వాళ్లిచ్చే ప్రాధాన్యం చాలా ఎక్కువ: దాని రంగు, అంచుల మీద పళ్ల గాట్లు, పైన పేరుకున్న పాచి. మనకు తైలాలు, లేహ్యాలు, నేతిలో కాచినవి చాలా ఉంటే, వాళ్లకు నీళ్లలో కాచిన కషాయమే ప్రధానం.

ఒక్క జబ్బుకు అన్ని మూలికలు ఎందుకు కలుపుతారు?

ఒంటి మూలికతో వైద్యం అక్కడ తక్కువ. కూర్పులో రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని నాలుగు స్థానాలు చెబుతారు. ఉదాహరణకు క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన గ్వెయ్‌జీ కషాయం తీసుకోండి. చలిగాలి తగిలి జ్వరం వచ్చినప్పటి మందు. ఐదే వస్తువులు: చైనా దాల్చిన చెట్టు లేత కొమ్మలు, పియొనీ వేరు, పచ్చి అల్లం, రేగు జాతికే చెందిన జుజుబీ పళ్లు, అతిమధురం. ఒళ్లు వెచ్చబరిచే దాల్చిన కొమ్మ రాజు. చెమట మరీ ఎక్కువ పోకుండా పట్టి ఉంచే పియొనీ మంత్రి. అల్లం, జుజుబీ పొట్టను చూసుకుంటాయి. అతిమధురం అన్నిటినీ పొందికగా ఉంచుతుందట.

నాకు ఇందులో బాగా నచ్చేది వాడే విధానం. కషాయం తాగిన కాసేపటికి వేడివేడి పల్చటి గంజి తాగాలి. దుప్పటి కప్పుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమట పట్టాలే గానీ ధారలు కట్టకూడదు. పట్టి జ్వరం తగ్గిందా, మిగతా కషాయం ఆపేయాలి. చల్లనివి, జిగురుగా ఉండేవి, మాంసం, ఘాటైనవి, సారా, పాల పదార్థాలు కూడదు. మన పాతకాలపు వైద్యులు ఈ పథ్యం వింటే సరేనని తలూపేవారే.

మందుల కొట్టులో ఇవి ఎలా ఇస్తారు?

గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులుంటాయి. చీటీ అందుకున్న మనిషి చేతి త్రాసుతో ఒక్కో మూలికా తూచి, కౌంటర్ మీద పరిచిన కాగితంపై విడివిడి కుప్పలుగా పెడతాడు, ఒకదాని మీద ఒకటి పోయడు. ఎందుకంటే పొట్లం కట్టేముందు ఇంకొకరు వచ్చి చీటీతో సరిచూడాలి. కలిపేశాక ఏ వేరు ఏదో తేల్చడం కష్టం. పసుపురంగు హువాంగ్‌ఛీ వేరును ఏటవాలుగా కోసిన ముక్కలు ఐస్‌క్రీం పుల్లల్లా పొడుగ్గా ఉంటాయి. దాంగ్‌గ్వే అనే వేరు ముక్కల వాసన గది దాటి బయటికొస్తుంది. దీహువాంగ్ అనే దుంపను పదేపదే ఆవిరి పట్టి ఎండబెడతారు, చివరికి నల్లగా, వేళ్లకు అంటుకునేంత జిగురుగా తయారవుతుంది. పచ్చిదానికి చలవ గుణం, ఇలా వండినదానికి వెచ్చటి గుణం చెబుతారు.

మామూలుగా ఒక పొట్లం ఒక రోజుకు. ఇంట్లో మట్టి కుండలోనో పింగాణీ పాత్రలోనో అరగంట నానబెట్టి కాస్తారు. ఇనుప పాత్ర వాడరు. ఒకసారి కాచి వంపుకుని, మళ్లీ నీళ్లు పోసి కాచి, రెండూ కలిపి పూటకింత తాగుతారు. పుదీనా లాంటి వాసన ఆకులు దించేముందు వేస్తారు, ఖనిజాలూ గవ్వలూ అన్నిటికన్నా ముందు. ఇంత ఓపిక లేనివాళ్లకు వేడినీళ్లలో కలుపుకునే గ్రాన్యూల్స్ వచ్చేశాయి. బీజింగ్‌లో 1669లో మొదలైన తోంగ్‌రెన్‌తాంగ్ లాంటి పాత కొట్లలో కూడా ఇప్పుడు డబ్బాల్లో మాత్రలు దొరుకుతాయి.

మన దగ్గర పెరిగే మొక్కలేమైనా అందులో ఉన్నాయా?

చాలానే. గుంటగలగర అక్కడ మోహాన్‌ల్యెన్. జుట్టు నెరవకుండా మనం నూనెలో కాచి తలకు రాస్తే, వాళ్లు అదే పని కోసం నూఝెన్ అనే చెట్టు పళ్లతో కలిపి మాత్రలు కట్టి మింగుతారు. పొలంలో రైతు తిట్టుకుంటూ పీకేసే తుంగ అక్కడ శ్యాంగ్‌ఫూ, నెలసరి నొప్పులకు దాని గడ్డను ముఖ్యమైన మందుగా వాడతారు. పల్లేరు కాయలు, కరక్కాయ, పిప్పళ్లు, సరస్వతి ఆకు, తామర గింజలు, తగిరిస గింజలు కూడా వాళ్ల జాబితాలో ఉన్నాయి. కరక్కాయ, పిప్పళ్లు మన వైపు నుంచి అటు వెళ్లినవే. తగిరిస గింజల్ని వేయించి కళ్లకు మంచిదని టీలా తాగుతారు. చామంతి పూల టీ హాంగ్‌జౌ వైపు మర్యాదకు ఇచ్చేదే, దానికి రోగం ఉండక్కర్లేదు.

కుసుమ సంగతి విడిగా చెప్పాలి. తాండూరు చుట్టుపక్కల దాన్ని నూనె గింజ కోసం వేస్తారు. చైనాలో ఆ ఎర్రటి పూరేకులే సరుకు. రక్తం గడ్డకట్టి కదలనిచోట కదిలిస్తుందని వాడతారు, అందుకే గర్భిణులకు ఇవ్వరు. ఇదే పూరేకుల్ని కుంకుమపువ్వు అని అంటగట్టే ఘనులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

చైనా మూలికకు నోబెల్ వచ్చిందంటారు, నిజమేనా?

మూలికకు కాదు, ఆ మూలికలోంచి మందు తీసినామెకు. 1967 మే 23న చైనా సైన్యం ఆధ్వర్యంలో మలేరియా మందు వెతికే రహస్య పథకం మొదలైంది. ఆ తేదీ మీదే దానికి 523 అని పేరు. 1969లో తూ యూయూ ఇందులో చేరారు. పాత గ్రంథాల్లోంచి వందల మూలికల్ని పరీక్షిస్తూ పోతుంటే చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేసేది, ఇంకోసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ రాసిన అత్యవసర వైద్యపు పుస్తకంలో ఆమెకు ఒక వాక్యం కనిపించింది: గుప్పెడు చింగ్‌హావ్‌ను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగు. కాయమని లేదు, పిండమని ఉంది.

అంటే వేడికి అందులోని సారం చెడిపోతోందేమోనన్న అనుమానం వచ్చింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబర్‌లో 191వ నమూనా ఎలుకల మలేరియాను పూర్తిగా తగ్గించింది. మనుషులకు ఇచ్చే ముందు 1972లో ఆమే, తోటి పరిశోధకులూ ఆసుపత్రిలో చేరి దాన్ని మింగి చూశారు. అదే ఏడాది ఆర్టెమిసినిన్ స్ఫటికాలు చేతికొచ్చాయి. నోబెల్ 2015లో వచ్చింది. మన మన్యంలో ఫాల్సిపారం మలేరియా వస్తే ఇచ్చే కాంబినేషన్ మాత్రల్లోని ఆర్టెసునేట్ ఈ కుటుంబానిదే.

సంప్రదాయ వైద్యం గొప్పదనానికి సాక్ష్యంగా ఈ కథ చెప్పేవాళ్లు సగమే చెబుతారు. దారి చూపింది పాత పుస్తకమే. కానీ 190 నమూనాలు విఫలమైనా వదలకుండా లెక్క రాసుకుంటూ పోయిన ప్రయోగశాల లేకపోతే ఆ వాక్యం ఇంకో వెయ్యేళ్లు అక్కడే పడి ఉండేది.

అయితే ఆ ఆకు టీ తాగితే మలేరియా రాదా?

వద్దు. ఆకులో మందు ఎంతుందో మొక్క మొక్కకూ మారుతుంది. చాలీచాలని మోతాదు పడితే రోగం తగ్గదు, పైగా పరాన్నజీవి మందుకు అలవాటు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ టీని వద్దనే అంటోంది.

జిన్సెంగ్, అశ్వగంధ ఒకటేనా?

కాదు. "ఇండియన్ జిన్సెంగ్" అనేది అమ్మకం కోసం పెట్టిన పేరు. అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ, వంకాయ కుటుంబానిది. జిన్సెంగ్ వేరే కుటుంబం. చైనా ఈశాన్యంలోని జిలిన్ కొండలు, కొరియా దాని సొంత చోట్లు. నాటాక తవ్వడానికి నాలుగు నుంచి ఆరేళ్లు ఆగాలి. ఎండబెడితే తెల్ల జిన్సెంగ్, ఆవిరి పట్టి ఎండబెడితే ఎర్ర జిన్సెంగ్.

అమెరికా జిన్సెంగ్ కథ తమాషాగా ఉంటుంది. చైనాలో ఉన్న ఒక జెసూట్ మతగురువు రాసిన వర్ణన చదివి, కెనడాలో ఉన్న ఇంకో జెసూట్ లఫితో 1716లో మాంట్రియల్ దగ్గర అడవిలో వెతికితే దానికి దగ్గరి చుట్టం దొరికింది. అక్కడి నుంచి ఓడలకొద్దీ చైనాకు ఎగుమతి. 1784లో అమెరికా నుంచి చైనాకు బయల్దేరిన తొలి వ్యాపార నౌకలో ముఖ్యమైన సరుకు ఇదే. చైనా వైద్యులు దాన్ని రుచి చూసి, తమదానికి వెచ్చటి గుణం, దీనికి చలవ గుణం అని తేల్చి వేరే మందుగా పెట్టుకున్నారు.

ప్రకృతి మందులు కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు కదా?

నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే, నేను ఎక్కువ భయపడేదీ దీనికే. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒక స్లిమ్మింగ్ క్లినిక్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో చైనా మూలికలు కలిపారు. అందులో ఉండాల్సింది హాన్ ఫాంగ్‌జీ, అంటే స్టెఫానియా అనే తీగ వేరు. పడింది గ్వాంగ్ ఫాంగ్‌జీ, అరిస్టొలోకియా జాతి తీగ వేరు. రెండిటినీ బజారులో ఫాంగ్‌జీ అనే పిలుస్తారు. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలసిస్సో మార్పిడో తప్పలేదు. కిడ్నీలు ఎటూ పోయాయి కదా, ముందుజాగ్రత్తగా తీసేద్దామని 39 మందికి ఆపరేషన్ చేస్తే 18 మందిలో మూత్రనాళాల క్యాన్సర్ బయటపడింది. 2000లో ఆ వివరాలు ప్రచురించారు.

ఈ అరిస్టొలోకియా తీగల్లో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కారకమని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ముతోంగ్, ముశ్యాంగ్ అనే పేర్లతోనూ ఇదే పొరపాటు జరిగేది: ఒక పేరు కింద మంచి మొక్కా, అరిస్టొలోకియా మొక్కా రెండూ అమ్ముడయ్యేవి. తర్వాత చైనా ముతోంగ్‌లో అరిస్టొలోకియా రకమైన గ్వాన్ ముతోంగ్‌ను అధికారిక జాబితా నుంచి తీసేసింది. తైవాన్ 2003లో ఈ జాతి మూలికల్ని నిషేధించింది.

దీన్ని చైనా గొడవగా తీసిపారేయకండి. మన ఈశ్వరి, గాడిదగడపాకు కూడా అరిస్టొలోకియాలే. పాముకాటుకు, కడుపులో పురుగులకు, నొప్పులకు వీటిని నూరి తాగించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. మానేయండి.

విషమని తెలిసిన మొక్కల్ని కూడా ఎందుకు వాడతారు?

ఫూజ గురించే అయి ఉంటుంది ఈ ప్రశ్న. మన వసనాభికి దగ్గరి బంధువైన మొక్క దుంప ఇది. పచ్చిది కొంచెం చాలు, పెదాలూ నాలుకా తిమ్మిరెక్కి, గుండె లయ తప్పి మనిషి పోవడానికి. ఆయుర్వేదంలో వసనాభిని గోమూత్రంలోనో పాలలోనో శుద్ధి చేసినట్టే, సిచువాన్‌లో ఈ దుంపను ఘాటైన ఉప్పునీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి, ముక్కలు కోసి, కడిగి, ఆవిరి పడతారు. ఆ తర్వాత కూడా మిగతా మూలికల కన్నా ముందు విడిగా చాలాసేపు కాయాలి. ఇదంతా ఆచారం కాదు, రసాయనం. నీళ్లలో ఎక్కువసేపు మరిగితే అందులోని విషం అకోనిటిన్ విరిగి చాలా తక్కువ విషమున్న పదార్థంగా మారుతుంది. తొందరపడి పావుగంటలో దించేసినవాళ్లు ఎమర్జెన్సీ వార్డుకు చేరిన కేసులు హాంకాంగ్ వైద్య పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి. దీనికి విరుగుడు మందు లేదు.

మాహువాంగ్, అంటే ఎఫెడ్రా, ఇంకో రకం. ఉబ్బసానికి, జలుబుకు వాడే మొక్క. అందులోంచి ఎఫెడ్రిన్‌ను జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ 1885లో వేరుచేశాడు. పద్ధతిగా నాలుగు రోజులు ఇచ్చే మందును అమెరికాలో సన్నబడటానికి, జిమ్‌లో ఊపు కోసం నెలల తరబడి మింగించారు. గుండెపోట్లు, పక్షవాతాలు వచ్చాక 2004లో సప్లిమెంట్లలో దాన్ని నిషేధించారు.

బీపీ, షుగర్, రక్తం పలచబడే మందులు వాడుతున్నాను. ఇవి తీసుకోవచ్చా?

మీ డాక్టర్‌కు చెప్పకుండా వద్దు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. చైనా కూర్పుల్లో సగానికి పైగా అది ఉంటుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకు దాన్‌షెన్ వేరు, దాంగ్‌గ్వే, గోజీ పళ్లు రక్తస్రావం ముప్పు పెంచవచ్చు. జిన్సెంగ్ తిరగేసి వార్ఫరిన్ పని తగ్గించవచ్చు. షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. ఆపరేషన్ ఉంటే ముందే అన్నీ చెప్పేయండి. "టానిక్కే కదా" అని దాచేవాళ్లతోనే మత్తు డాక్టర్లకు టెన్షన్.

గోజీ పళ్లు నిజంగా అంత గొప్పవా?

ఎండు పళ్లు. నింగ్‌షియా ప్రాంతంవి పేరున్నవి. తియ్యగా బాగుంటాయి, సూపులో వేసుకుంటారు. ఉసిరికాయ దొరికే ఊళ్లో కూర్చుని వాటికి ఆ ధర పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

హెషౌవూ అనే దుంప వాడితే తెల్ల జుట్టు నల్లబడుతుందా?

నల్లబడుతుందని రుజువు లేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం చాలా ఉన్నాయి, చైనా ప్రభుత్వమే దీని మీద హెచ్చరించింది. షాంపూలో ఉంటే ఉండనివ్వండి, నోట్లో వేసుకోవద్దు.

మరి సైన్స్ ఏమంటోంది?

ఒక్కో మొక్కలోంచి తీసిన పదార్థాల విషయంలో గట్టి సాక్ష్యాలున్నాయి: ఆర్టెమిసినిన్, ఎఫెడ్రిన్ పైన చెప్పినవే. హువాంగ్‌ల్యెన్ వేరులోని చేదు పసుపు పదార్థం బెర్బెరిన్ మీద పరిశోధన చాలా జరిగింది. మన మానుపసుపులో ఉన్నదీ అదే. పది మూలికల కషాయాల దగ్గరికొచ్చేసరికి సాక్ష్యం పలచబడుతుంది. పరీక్షలు చిన్నవి, చాలా వాటిలో రోగికి ఏ మందు ఇస్తున్నారో దాచలేదు. పనిచేయవని తేల్చేశారని కాదు, పనిచేస్తాయని చెప్పేంత బాగా ఎక్కువ వాటిని పరీక్షించలేదు. పాతకాలం నుంచి వాడుతున్నారన్నది ఒక ఆధారమే, కానీ అరిస్టొలోకియాను కూడా శతాబ్దాలుగా వాడారు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్‌ను నాడి పట్టి కనిపెట్టడం ఏ వైద్యుడి తరమూ కాదు.

మన ఎర్రచందనం చైనా వెళ్లేది మందుల కోసమేనా?

ప్రధానంగా కాదు. శేషాచలం కొండల్లోంచి దొంగతనంగా తరలే దుంగలకు అక్కడ గిరాకీ ఫర్నిచర్, బొమ్మలు, జపమాలల కోసం. మింగ్, ఛింగ్ రాజుల కాలం నుంచి జితాన్ (ఎర్రచందనానికి అక్కడి పేరు) కలపంటే హోదా. పాత మూలికా గ్రంథాల్లో జితాన్ మందుగా ఉన్నమాట నిజమే గానీ, ఆ వాడకానికి టన్నులకొద్దీ దుంగలు అక్కర్లేదు.

ఇక్కడ సాగు చేయొచ్చా?

జిన్సెంగ్, దాంగ్‌గ్వే చలి కొండల పంటలు, మన ఎండల్లో ఆశ పెట్టుకోవద్దు. ఆర్టెమిసియా ఆన్యువాకు, అంటే పైన చెప్పిన మలేరియా మందు మొక్కకు, మన దేశంలోనే రకాలున్నాయి. వివరాలకు హైదరాబాద్ బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. ఏ మూలికైనా సరే, మొక్కలు అమ్మినవాడే పంట తిరిగి కొంటానని కాగితం రాసిస్తే, ముందు ఆ కాగితాన్ని పక్కనపెట్టి, అదే సరుకును వేరే ఎవరు ఏ ధరకు కొంటున్నారో కనుక్కోండి.

మన దేశంలో చైనా మూలికా వైద్యానికి గుర్తింపు ఉందా?

ఆయుష్ జాబితాలో లేదు. ఆక్యుపంక్చర్‌కు కేంద్రం 2019లో విడిగా గుర్తింపు ఇచ్చింది, అది మూలికలకు వర్తించదు. సింగపూర్, హాంకాంగ్, ఆస్ట్రేలియాల్లో చైనా వైద్యులు రిజిస్టర్ చేసుకోవాలి, ఆస్ట్రేలియాలో ఇది 2012 నుంచి దేశమంతటా అమల్లో ఉంది. హాంకాంగ్‌లో 31 తీవ్రమైన ద్రవ్యాలను చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ దేశాల్లో ఉండేవాళ్లు రిజిస్ట్రేషన్ బోర్డు వెబ్‌సైట్‌లో వైద్యుడి పేరు వెతికి చూసుకోవచ్చు.

ప్యాకెట్ కొనేముందు ఏం చూడాలి?

మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగమో, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా. "రహస్య ఫార్ములా" అంటే వదిలేయండి. మూలిక మరీ తెల్లగా మెరుస్తూ, పుల్లటి ఘాటు వాసన వస్తుంటే గంధకం పొగ పట్టి ఉంటారు. కీళ్ల నొప్పులు రెండు రోజుల్లో మాయమయ్యే "హెర్బల్" మాత్రల్లో స్టెరాయిడ్లు, మగతనం మందుల్లో సిల్డెనాఫిల్, సన్నబడే మందుల్లో నిషేధించిన సిబుట్రమిన్ కలిపి దొరికిపోయిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాడాక పెదాలు తిమ్మిరెక్కినా, కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్యాకెట్టూ, మిగిలిన పొడీ, కాచిన పిప్పీ పారేయకుండా వెంట తీసుకెళ్లండి.